కడుపుమంట వాసన

నా చిన్నప్పుడు మా ఇంట్లో ముక్కంటే నా ముక్కే. మా నాయనకు ముక్కుపొడి అలవాటు. రోజుకు ఎన్ని చిటికెలు ఎక్కించేవాడో గానీ, మల్లెపూలకూ మురిక్కాలువకూ తేడా తెలియని స్థితికి వచ్చేసింది ఆయన ముక్కు. మా అవ్వకు ఏడాది పొడుగునా రొంప. అమ్మ కట్టెలపొయ్యి ముందు పుట్టి పెరిగిన మనిషి, ఆమెకు పొగ తప్ప మరో వాసన లెక్కలోకి వచ్చేది కాదు. అందుకని పాలు అడుగంటినా, ఎవరింట్లోనో పనసపండు కోసినా, వడమాలపేట అవతలెక్కడో వాన పడి మట్టి తడిసినా మొదట చెప్పాల్సింది నేనే. చెప్పేదాన్ని కూడా. ఇంటిల్లిపాదీ నన్ను కుక్కముక్కుదానా అని ఆటపట్టించేవాళ్లు. అది నాకెప్పుడూ తిట్టులా వినిపించలేదు. బిరుదులాగే మోశాను.

నాయనకు ఒక పాత తెల్ల అంబాసిడర్ కారు ఉండేది. తిరుపతి నుంచి పుత్తూరు పోయే రోడ్డు పక్కనే మా ఇల్లు, ఇంటికి ఆనుకుని రేకుల చావడి, ఆ చావడి కింద కారు. పెళ్లివాళ్లను, కాళహస్తికి పూజకు పోయేవాళ్లను, నొప్పులొచ్చిన ఆడవాళ్లను బాడుగకు తీసుకుపోయేవాడు. బాడుగ లేని రోజు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పెట్రోలు పట్టించుకోవడానికి వెళ్లేవాడు. బండి స్టార్టు చేసి, నా వైపు తిరిగి, "ఏం పాపా, ఏమన్నా వాసనొస్తా ఉండాదా?" అని అడిగేవాడు. నేను కళ్లు మూసుకుని, గాలి బాగా పీల్చి, కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించి, "ఏం రాలేదు నాయనా, పోనీ" అనేదాన్ని. నేను పోనీ అనేదాకా కారు కదిలేది కాదు. పదేళ్ల పిల్లకు అంతకన్నా పెద్ద ఉద్యోగం ఏముంటుంది చెప్పండి?

ఆ ఉద్యోగానికి ఎసరు పెట్టడానికన్నట్టు వచ్చింది మా పక్కింటి అక్క.

పక్కింటివాళ్ల పెద్దకొడుకుకు నగరి సంబంధం కుదిరింది. పెళ్లికూతురిది నేతవాళ్ల ఇల్లు. ఇంటి వెనకే షెడ్డు, అందులో మరమగ్గాలు. పెళ్లయ్యాక ఆమెను అత్తగారింటికి తీసుకొచ్చింది మా నాయన కారులోనే. పూలదండలు కట్టిన కారులో ముందు సీటు నాదేనని నేను పొద్దుటి నుంచీ ధీమాగా ఉన్నాను. తీరా బయల్దేరేటప్పటికి ఆ పెళ్లికూతురికి కారు ప్రయాణం పడదని, వాంతి చేసుకుంటుందని ఎవరో అన్నారు. అంతే, ఆమెను ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టారు. ఆమెకూ నాయనకూ మధ్య వాళ్లత్త. నన్ను వెనక సారె బుట్టలకూ ఇద్దరు లావుపాటి ముత్తయిదువలకూ నడుమ కుక్కారు.

అదైనా ఓర్చుకునేదాన్నేమో. బండి స్టార్టు చేసి నాయన ఆమె వైపు వంగి, "ఏమ్మా, ఏమన్నా వాసన పడకుండా ఉండాదా? కిటికీ దించేదా?" అని అడిగాడు. నా ప్రశ్న అది. నన్ను తప్ప ఇంకెవరినీ అడగకూడని ప్రశ్న. ఆమె తల అడ్డంగా ఊపింది, కారు కదిలింది. నేను పోనీ అనలేదు, అయినా కదిలింది. ఆ క్షణం నా ఒళ్లంతా ఎలా మండిందో ఇప్పటికీ చెప్పగలను. పుత్తూరు దాటేదాకా బుట్టలో ఉన్న అరిసెల వాసన కూడా నా ముక్కుకు తెలియలేదు.

ఆ తర్వాత ఆమెలో నాకు నచ్చనిది ఒకటా రెండా. సన్నగా, ఎండు చామంతి రంగులో ఉండేది. పెద్ద కళ్లు. కిటికీలో ఒక కొత్త పౌడరు డబ్బా, మూత మీద గులాబీ బొమ్మతో. మా ఇంట్లో పౌడరంటే పండగపూట అమ్మ అరచేతిలో చిటికెడు వేస్తే మొహాన అద్దుకోవడమే, ఆమెకు మాత్రం డబ్బాకు డబ్బా. అరవ సరిహద్దు నగరి వైపు మనిషి కదా, అవును అనడానికి "ఆమా" అనేది. ఆ మాట వీధిలో అందరికీ ముద్దొచ్చింది. నేను దొడ్లో బకెట్టు ముందు నిలబడి "ఆమా, ఆమా" అని మూతి వంకర్లు తిప్పేదాన్ని. ఆమె మొగుడు నిమ్మకాయల లోడుతో గూడూరుకూ మద్రాసుకూ తిరిగే లారీ మీద ఉండేవాడు, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. అందుకని మా అమ్మ జాలిపడి ఏ కూర చేసినా ఒక గిన్నె గోడ మీదుగా అందించేది. ఆ గిన్నె వెళ్లినప్పుడల్లా నా వంతు తగ్గిపోయినట్టు లెక్క వేసుకునేదాన్ని. అమ్మకు కూడా కాస్త మంట అంటిద్దామని, "నాయన గోడకాడ ఆ అక్కతో మాట్లాడతా ఉండాడు" అని చెప్పి చూశాను. అమ్మ పడీ పడీ నవ్వి, ఆ మాట నాయనకే చెప్పి ఆయన్నీ నవ్వించింది.

ఆమె వచ్చిన కొన్నాళ్లకు, ఒక సాయంత్రం నాయన కాళహస్తి నుంచి తిరిగొచ్చి చావడిలో కారు ఆపాడు. గోడ అవతల బట్టలు తీస్తున్న అక్క ఆగిపోయి, "అన్నా, కారులోంచి నూనె కాలిన వాసన వస్తా ఉండాదన్నా" అంది.

నాయన వెంటనే నా వైపు చూశాడు. నేను గడప మీదే కూర్చుని ఉన్నాను. నాకు ఏ వాసనా తెలియలేదు. గాలి ఆమె వైపు ఉందో, నా ముక్కే మొరాయించిందో. "నాకేం రాలేదే" అన్నాను. మరుసటి రోజు కారు దగ్గరికి పోయి నిలబడితే నాకూ వచ్చింది, గాడిదంత వాసన. అడుగంటిన బజ్జీల మూకుడులాగా ఘాటుగా, గొంతులో పట్టేసే వాసన. అంటే ఆమె చెప్పింది నిజం. నాకన్నా ముందు చెప్పింది. పాడు ముక్కు, నా పరువు తీసింది.

నాకు పరువు బాధ, నాయనకు బతుకు బాధ. రోజురోజుకూ వాసన ఎక్కువైంది. పరుగులో ఉన్నంతసేపు కాస్త తక్కువ, టీ తాగడానికి ఆపితే చాలు బానెట్టు సందుల్లోంచి గుప్పుమనేది. ఒక్కోసారి సన్నగా పొగ. కాళహస్తికి పోయే కుటుంబం ఒకటి దారి పొడుగునా కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. రేణిగుంట దగ్గర ఒక పెద్దాయన దిగి కక్కుకున్నాడు. కారు అంటుకుంటుందేమోనని భయపడి మరో పెళ్లివాళ్లు వేరే బండి మాట్లాడుకున్నారు. పుత్తూరులో మెకానిక్కు కారు కిందికి దూరి చూస్తే ఇంజను అడుగంతా నూనె తడి. అంతా తుడిచి, అడుగున ఉండే నూనె తొట్టికి కొత్త ప్యాకింగు వేశాడు. తడి ఉన్న చోటే కదా ఎవరైనా చూసేది. రెండు ట్రిప్పులు బాగానే ఉంది, మూడో దానికి మళ్లీ అదే వాసన. ఈసారి ఇంజను దించి విప్పి చూడాల్సి వస్తుందేమో అన్నాడు.

ఆ సాయంత్రం నాయన అన్నం ముందు కూర్చుని, కలపకుండానే లేచాడు. "ఇంజను దించే కత నాతో కాదు. అమ్మేసి మళ్లా లారీ ఎక్కుతా" అన్నాడు. అమ్మ మొహం వెలవెలబోయింది. నేను పుట్టకముందు నాయన లారీ మీద ఉండేవాడు. అప్పుడాయన ఇంటికి ఎప్పుడొస్తాడో, ఏ ఊళ్లో ఉన్నాడో తెలియక అమ్మ పడిన అగచాట్లు నాకు కథలు కథలుగా తెలుసు. కారు పోతే నా ముందు సీటొక్కటే కాదు, నాయనే పోతాడు.

మా అవ్వకు మాత్రం మెకానిక్కు మీద మొదటి నుంచీ నమ్మకం లేదు. కారుకు దిష్టి కొట్టిందని ఆమె తీర్మానం. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేసింది. మిరపకాయలు కాలినా ఎవరికీ కోరెక్కి దగ్గు రాలేదు. అంటే దిష్టి గట్టిదే. కారు ముందు బూడిద గుమ్మడికాయ పగలగొట్టింది. బంపరుకు నిమ్మకాయలు కట్టింది. ఇంత చేసినా వాసన పోకపోయేసరికి, చావడి ముందు నిలబడి వీధి మొత్తానికీ వినబడేలా ప్రకటించింది. "ఇది నూనె వాసన కాదురా అబ్బయా. కడుపుమంట వాసన. ఎవురో మన పక్కనే ఉండి మండతా ఉండారు. వాళ్ల కడుపు సల్లారేదాకా ఇది పోదు."

నేను పళ్లెంలో అన్నం పట్టుకుని నిలబడిపోయాను. పక్కనే ఉండి మండుతున్నదెవరో ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసు.

ఆలోచించిన కొద్దీ అంతా అతికినట్టు సరిపోయింది. వాసన ఆ అక్క వచ్చాకే మొదలైంది. నా మంట కూడా ఆమె వచ్చాకే మొదలైంది. ఆమె నాయనతో మాట్లాడిన రోజు వాసన ఎక్కువగా ఉంటోంది, నాకు మంట కూడా ఆ రోజే ఎక్కువ. మెకానిక్కు ఎన్నిసార్లు కారు కింద దూరి చూసినా జబ్బు కనబడదు మరి, అది నా పొట్టలో ఉంటే ఎలా కనబడుతుంది? నాయన కారును నేనే కాలుస్తున్నాను. నాయన్ను లారీ ఎక్కిస్తున్నది నేనే.

మంటకు మందు చల్లదనం అని తెలుసు కాబట్టి మజ్జిగ తాగడం మొదలుపెట్టాను. చెంబులకు చెంబులు. అది చాలక సబ్జాగింజలు నానబెట్టుకుని తాగాను. ఏందే ఇట్లా తాగుతున్నావని అమ్మ అడిగితే, కడుపులో మంటగా ఉందని చెప్పాను. అది అబద్ధమూ కాదు. అమ్మ నన్ను పడుకోబెట్టి బొడ్డులో ఆముదం వేసి, నడినెత్తిన చల్లగా మరికాస్త ఆముదం పట్టించి, ఎండలో తిరగొద్దని కేకలేసింది. జిడ్డు కారుకుంటూ పోయి కారు దగ్గర నిలబడి ముక్కు పెట్టి చూశాను. పోలేదు.

ఆ అక్క మీద మంట మానేద్దామని కూడా నిజాయితీగా ప్రయత్నించాను. గోడ దగ్గర నిలబడి ఆమెలో మంచివి వెతికాను. దొరికాయి. అదే ఖర్మ. జడ బాగుంది, నవ్వు బాగుంది, నన్ను చూసినప్పుడల్లా చెయ్యి ఊపుతుంది. ఒక్కో మంచీ కనబడేకొద్దీ లోపల ఇంకాస్త రాజుకునేది. అసూయ పడేవాళ్లకు ఎదుటివాళ్లు మంచివాళ్లు కావడం కన్నా పెద్ద కష్టం ఉండదు.

ఇంతలో ఒక ఆదివారం పొద్దున ఆ అక్క తనే మా చావడికి వచ్చింది. చేతిలో ఆ గులాబీబొమ్మ పౌడరు డబ్బా. "అన్నా, తప్పనుకోకపోతే నేనొకసారి సూస్తాను" అంది. గోడ అవతల నుంచి వాళ్లత్త, "అది కారే అమ్మా, మీ ఇంటి మగ్గం గాదు" అని దెప్పింది. అక్క మొహం చిన్నబోయింది గానీ కాలు వెనక్కి వేయలేదు. నాయన, "సూడనీలే వదినా, ఎట్లాగూ అమ్మేదే గదా" అన్నాడు. ఆ మాటలో ఉన్న నిరాశకు నాకు ఏడుపొచ్చింది.

మగ్గాల ఇంట్లో నూనెంటే ఎంత భయమో ఆమె నాయనకు చెబుతుంటే నేను స్తంభం చాటు నుంచి విన్నాను. మరమగ్గానికి నూనె పోయక తప్పదు, కానీ చీర మీద ఒక్క చుక్క పడితే ఆ చీర మరక చీరే. మరక కనబడిన చోట పైకి చూస్తే అక్కడ నూనె కారే చోటే ఉండదట. నూనె ఎక్కడో మొదలై, కడ్డీ అడుగు పట్టుకుని జారుకుంటూ పోయి, దానికి తోచిన చోట రాలుతుంది. అందుకని వాళ్ల ఇంట్లో మగ్గం ఆపి, కడ్డీలన్నీ పొడిగా తుడిచి, సుద్దపొడి అద్ది మళ్లీ మగ్గం నడుపుతారట. పొడి మొదట ఎక్కడ తడిస్తే అక్కడుంది జబ్బు.

నాయన కాసేపు ఆమెనూ కారునూ మార్చి మార్చి చూశాడు. తర్వాత బానెట్టు ఎత్తాడు. చల్లగా ఉన్న ఇంజనును కిరసనాయిలు గుడ్డతో ఇద్దరూ తుడిచారు. మడ్డి పోయి ఇనుము రంగు బయటపడింది. కిరసనాయిలు పూర్తిగా ఆరిపోయేదాకా అక్క ఆగమంది, వేడెక్కితే అంటుకుంటుందని. మేము మధ్యలో ఇడ్లీలు తిన్నాం. ఆరాక ఆమె డబ్బా మూత తీసి, మా ఇంట్లో పండగపూట చిటికెడు దొరికే ఆ పౌడరును గుప్పిళ్లతో ఇంజను పక్కలంతా అద్దేసింది. డబ్బా ఖాళీ. అవ్వ మాత్రం తెల్లటి పొడి చూసి విభూతి అనుకుని, దూరం నుంచే చేతులు జోడించింది.

నాయన లోపల కూర్చుని బండి స్టార్టు చేశాడు. వేడెక్కాలి కదా, అలాగే కూర్చున్నాడు. బానెట్టు ఎత్తి ఉంది కాబట్టి ఆయనకు మేము కనబడము. ఇంజను మోతలో మా మాటలు వినబడవు. అక్క వంగి చూస్తోంది. నేను ఆమె పక్కన నిలబడ్డాను. ఏ పొడీ తడవదు, ఏమీ కనబడదు, అప్పుడు అందరూ నా వైపు తిరుగుతారు. ఇక ఉండబట్టలేకపోయాను.

"అక్కా, అది నూనె కాదు" అన్నాను.

"మరేంది?"

"నేను."

అక్క నా వైపు తిరిగింది. ఆ మోతలో అరిచినట్టే చెప్పాల్సి వచ్చింది. "నాకు నువ్వంటే కడుపుమంట. నువ్వొచ్చినప్పట్నించీ. పక్కనుండేవాళ్ల మంటే ఈ వాసనని అవ్వ చెప్పింది. మజ్జిగ తాగినా పోలేదు."

ఆమె నవ్వి ఉంటే నేను ఈ రోజు ఈ కథ చెప్పేదాన్ని కాదు. నవ్వలేదు. తప్పమ్మా అనలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, కారు జబ్బు గురించి అడిగినంత మామూలుగా, "ఎప్పుడెప్పుడొస్తాది నీకా మంట?" అని అడిగింది.

"నాయన నిన్ను వాసన సంగతి అడిగినప్పుడు."

ఆమె "అట్లయితే ఇందులో సగం నాది" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడామె నా చెవి దగ్గరికి వంగి చెప్పింది. "నేనూ ఆ గోడకాడ నిలబడి నిన్ను సూస్తా ఉంటా పాపా. ముందు సీట్లో కూసోని పోతావు. మీ నాయన నిన్నడిగి బండి కదిలిస్తాడు. మా ఇంట్లో మా నాయన గూడా చీర పరిచి, యాడన్నా మరకుండాదేమో సూడు తల్లీ అనేవాడు. నేను సూసి సరే అంటేనే మడత పెట్టేవాడు. తమ్ముడు పెద్దోడైనాడు. ఇంక నీకెందుకులే ఆడపిల్లవి అన్నారు. ఈడికొస్తే నన్నెవురూ ఏదీ అడగరు, కూరలో ఉప్పు సరిపోయిందా అని గూడా. నిన్ను సూస్తే నాకు మండదా?"

పెళ్లయిన మనిషి, చీర కట్టుకున్న మనిషి, డబ్బాకు డబ్బా పౌడరున్న మనిషి నన్ను చూసి మండటమా! నేను నోరు తెరుచుకుని ఆమె మొహం చూశాను. కళ్లలో నీళ్లు లేవు గానీ, పెదవి గట్టిగా అదిమి పట్టుకుని ఉంది. ఆమె చెప్పింది నా భయం తీర్చడానికి అల్లిన మాట కాదని పిల్లనైనా నాకు తెలిసిపోయింది.

"అదిగో" అంది అక్క ఉన్నట్టుండి, నా భుజం పట్టి ముందుకు వంచి.

ఇంజను నెత్తిన ఒక రేకు మూత ఉంటుంది. ఆ మూత అంచు కింద తెల్లటి పొడి మీద గోరంత నల్లటి తడి. చూస్తుండగానే అది దారమంత సన్నగా సాగి, పక్కకు జారి, కింద బాగా కాగిన పొగగొట్టం మీదికి దిగింది. దిగిన చోట సుయ్యిమని పొగ లేచింది. అదే వాసన. మిగిలిన నూనె ఇంకా కిందికి జారి అడుగుకు చేరుతోంది. మెకానిక్కు చూసిన తడి అదే. "సూసినావా? మనిద్దరం ఈడ నిలబడి మండతానే ఉండాం గదా. అది మన కాడ్నించి రాలేదు" అంది అక్క. మళ్లీ పొగ వైపు చూపిస్తూ, "మండే చోట ఎంత తుడిచినా లాభం లేదు పాపా. కారేది యాడో సూడాల."

తర్వాత ఆమె, "అన్నా, దొరికింది!" అని కేకేసింది. నాయన ఒక్క దూకున దిగొచ్చాడు. ఆ మూత కింద వేసే బెండు ప్యాకింగు ఎండి, ఒక మూల పెళుసుబారి విరిగిపోయింది. అంతే జబ్బు. ఇంజను దించే పని లేదు, కారు అమ్మే పని లేదు. నాయన ముక్కుపొడి డబ్బా తీశాడు, పీల్చడం మరిచిపోయి చేత్తో పట్టుకునే నవ్వుతూ నిలబడ్డాడు. గోడ అవతల వాళ్లత్త మెడ నిక్కించి చూస్తోంది. "ఏం కోడలు దొరికింది వదినా నీకు!" అని నాయన అరిచాడు. ఆవిడ ఈసారి దెప్పలేదు, లోపలికీ పోలేదు. విభూతి పెట్టాక దిష్టి పోకుండా ఎట్లా ఉంటుందని అవ్వ బతికినంత కాలం వాదించింది.

పుత్తూరులో కొత్త ప్యాకింగు వేయించి తెచ్చాక, నాయన మా ఇద్దరినీ కారెక్కించుకుని వడమాలపేట దాటేదాకా తిప్పాడు. అక్కకు పడదు కనుక కిటికీ పక్కన ఆమె, నడుమ నేను. బండి కదిలించే ముందు నాయన మా ఇద్దరి వైపూ చూసి, "ఏమమ్మా, ఇప్పుడేమన్నా వాసనొస్తా ఉండాదా?" అన్నాడు. అక్క నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. ఇద్దరం ఒకేసారి పోనీ అన్నాం. ఇంత జరిగాక నా మంట చల్లారిపోయిందని రాస్తే బాగుంటుంది. కానీ కిటికీ ఆమెకే దక్కిందని దారి పొడుగునా నాకు కుళ్లుగానే ఉంది. తేడా ఒక్కటే. ఆ మంటతో కారు కాలిపోదని ఇప్పుడు నాకు తెలుసు. అందుకని హాయిగా మండాను.

ఆ మధ్యాహ్నం అర్థమైంది కారు సంగతే. మిగతాది అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. నా మంట ఆ అక్క దగ్గర కనబడింది గానీ, కారింది ఆమె దగ్గర కాదు. ముక్కు పోతే నాయనకు నాతో పనేముంటుంది అన్న బెంగ దగ్గర కారింది. ఆమె మంట నా దగ్గర కనబడింది. కారింది నగరిలో, ఆమె చేతిలోంచి లాగేసుకున్న చీర దగ్గర.

నేను పుట్టుకతోనే ఓర్వలేని మనిషిని. వయసుతో పాటు పోతుందని అంటారు, నాకు పోలేదు. తోడికోడలిని చూసి మండాను, బళ్లో నాతో పాటు టీచరుగా చేరి నాకన్నా ముందు హెడ్డుమాస్టరైన ఆమెను చూసి మండాను. ఒక్కటి మాత్రం ఆ రోజు నుంచి చేస్తున్నాను. మంట వచ్చినప్పుడు అది దిష్టిగా మారి ఎవరి కొంప ముంచుతుందో అని లోపల దాచుకుని మజ్జిగ తాగడం లేదు. ఎక్కడ కారుతోందో చూసుకుని, కుదిరితే ఆ మనిషితోనే నోటితో చెప్పేస్తున్నాను. కొందరు నవ్వారు, ఒకామె నాతో మాట్లాడటం మానేసింది. అలాగే కానీ అనుకున్నాను.

మా అమ్మాయిని గూడూరు ఇచ్చాం. ఈ మధ్య నా మనవరాలు బడి నుంచి రాగానే ఏ కబురైనా వాళ్ల నాన్నమ్మకే చెబుతోంది. ఫోన్లో నేనడిగితే, "నాన్నమ్మకు చెప్పేసినా అమ్మమ్మా" అని తుర్రుమంటుంది. కొన్నాళ్లు ఓర్చుకున్నాను. పోయిన వారం ఇక ఆగలేక మా వియ్యపురాలికే ఫోన్ చేశాను. "వదినా, అనకూడదు గానీ, నాకు నిన్ను చూస్తే కడుపుమంటగా ఉంది" అని చెప్పేశాను.

ఫోన్ పెట్టేస్తుందేమో అనుకున్నాను.

"జొరమొచ్చిందంటే సాలు, దానికి అమ్మమ్మే కావాలంటాది" అంది ఆమె. "పక్కన కూసోని తడిగుడ్డ ఏసేది నేను, కలవరింతల్లో పిలిచేది నిన్ను. నాకుండదా వదినా?"

తర్వాత ఆమే ఆదివారం అన్నానికి రమ్మంది. వెళ్లొచ్చాను.